ఒకే మాట, రెండు ముఖములు

నెల్లూరు సముద్రతీర గ్రామములలో ఇంగ్లీషు చదువురానివారికిని తెలిసిన ఇంగ్లీషు మాటలు కొన్ని కలవు. వానిలో 'శాంక్షను' ఒకటి. పడవ కొనుటకు బ్యాంకువారు ఋణ మిచ్చినచో "లోను శాంక్షనైనది" అందురు. ఊరికి రోడ్డు వచ్చినను, బడికి కొత్తగది వచ్చినను అదే మాట. పల్లెవారి దృష్టిలో అది శుభవార్త. దానికి వారెరిగిన అర్థము 'మంజూరు' ఒక్కటే.

ఇంగ్లీషు వార్తాపత్రికలలో ఆ మాటయే మరొక వేషమున కనిపించును. ఒక దేశము వేరొక దేశముతో వ్యాపారము నిలిపివేసి దండించినప్పుడు, ఆ చర్యను కూడ 'శాంక్షను' అనియే వ్రాయుదురు. 1935లో ఇటలీ ఇథియోపియాపై దండెత్తగా, నానాజాతి సమితి ఇటలీపై విధించిన వ్యాపార నిర్బంధములను ఈ పేరుతోనే పిలిచిరి. తెలుగువారు దీనిని 'ఆంక్ష' అందురు. మనకు రెండు మాటలున్నచోట ఇంగ్లీషువారు ఒక్క మాటతో సరిపెట్టుకొనుచున్నారు.

ఇట్టి వింత ఏల కలిగెను? ఈ మాటకు మూలము లాటిన్ భాషలో నున్నది. ఆ మూలధాతువునకు పవిత్రము చేయుట, శాసనముగా స్థిరపరచుట అని అర్థములు. శాసనమును స్థిరపరచుట యనగా దానికి ఆమోదముద్ర వేయుటయే. అయితే శిక్ష లేని శాసనమును లక్ష్యపెట్టువారు అరుదు. అందుచే శాసనమును అతిక్రమించినవారికి కలుగు దండనకును ఆ మాటయే చెల్లినది. ఆమోదము, దండనము ఒక్క తల్లి బిడ్డలైనవి.

ఇది పరభాషకు మాత్రమే చెందిన వింత కాదు. సంస్కృతమున 'శిక్ష' యనగా నేర్చుకొనుట, నేర్పుట. హిందీవారు నేటికిని చదువును 'శిక్షా' అందురు. తెలుగు బాలుడు మాత్రము ఆ మాట వినగానే బెత్తమును తలచుకొనును. నేర్పుటకు మనము 'శిక్షణ' యని వేరొక రూపము నుంచుకొంటిమి.

ఈ మాట రెండు ముఖములును స్పష్టముగా కనిపించిన చోటు ఈ తీరముననే కలదు. అది శ్రీహరికోట. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న ఈ దీవి చిరకాలము నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున విశాలమైన సముద్ర ముండుటచేత రాకెట్టు ప్రయోగములకు తగిన చోటని 1969లో దీనిని ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న ఇచ్చటినుండి మొదటి చిన్న రాకెట్టు ఎగిరెను. దేశమునకు అది గొప్ప మంజూరు.

కాని ఆ దీవిలో అంతకుముందే మనుష్యులు నివసించుచుండిరి. యానాదులు తరతరములుగా ఆ అడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరించుచు, చేపలు పట్టుచు బ్రతికిరి. దీవి రాకెట్టు కేంద్రమునకు మంజూరు కాగా, వారిలో అనేకులు తమ నెలవులు విడిచి పోవలసివచ్చెను. మునుపటివలె అడవిలో స్వేచ్ఛగా తిరుగుట పోయెను. ఒక్క ఉత్తర్వే దేశమునకు ఆమోదమును, యానాదులకు ఆంక్షయు అయ్యెను.

కాలక్రమమున ఆంక్ష ఆ కేంద్రమును నడుపు సంస్థకే తగిలెను. బరువైన ఉపగ్రహములను పైకి పంపుటకు క్రయోజెనిక్ ఇంజను కావలెను. అందు సున్నకు దిగువ 253 డిగ్రీల చలిలో నుంచిన ద్రవ హైడ్రోజనును, 183 డిగ్రీల చలిలో నుంచిన ద్రవ ఆక్సిజనును మండింతురు. ఈ ఇంజనులను, వాని నిర్మాణ రహస్యమును పొందుటకై 1991లో ఇస్రో సంస్థ సోవియట్ సంస్థయైన గ్లావ్‌కాస్మాస్‌తో ఒప్పందము చేసికొనెను. ఆ విద్య క్షిపణులకు ఉపయోగపడునని ఆక్షేపించి, 1992 మే నెలలో అమెరికా ఆ రెండు సంస్థలపై రెండేండ్లు ఆంక్షలు విధించెను. అంత చల్లని ఇంధనమును క్షిపణిలో చిరకాలము నిలువ యుంచుట కుదరదని భారతీయులు చెప్పినను ఫలితము లేకపోయెను. రష్యా 1993లో వెనుకకు తగ్గి, విద్య నీయక ఇంజనులు మాత్రము అమ్మెను.

ఆ రెండేండ్ల గడువు 1994లో తీరెను. అదే సంవత్సరమున స్వదేశీ క్రయోజెనిక్ ఇంజను నిర్మాణమునకు భారత ప్రభుత్వము అనుమతి నిచ్చెను. ఒక శాంక్షను ముగియగా మరియొక శాంక్షను వచ్చెను! పని సులభముగా సాగలేదు. 2010 ఏప్రిల్‌లో చేసిన తొలి ప్రయోగము విఫలమాయెను. 2014 జనవరి 5న శ్రీహరికోటలో స్వదేశీ ఇంజను జయము పొందెను. అప్పటికి ఇరువది సంవత్సరములు గడచెను. శిక్షగా వచ్చినది శిక్షణగా మారెను. కాని దాని మూల్యము చిన్నది కాదు.

2025 జూలై 30న భారత, అమెరికా దేశములు కలిసి నిర్మించిన నిసార్ ఉపగ్రహము ఇదే తీరమునుండి స్వదేశీ క్రయోజెనిక్ ఇంజను గల రాకెట్టుపై నింగికెగసెను. ఒకనాడు ఆంక్ష విధించిన దేశమే ఈనాడు తన విలువగల పరికరమును ఆ ఇంజనునకు అప్పగించెను.

అయినను ప్రయోగము జరుగునప్పుడు సముద్రములో కొంతమేర జాలరులు వేటకు పోరాదని ముందుగా ప్రకటింతురు. రాకెట్టునకు అనుమతి, పడవకు నిషేధము. ప్రమాద నివారణకై అది అవసరమే. అయినను ఆ పూట వల ఒడ్డుననే యుండును.

కావున "శాంక్షనైనది" అన్న మాట విని సంతోషించుట సహజము. ఆ సంతోషములో, దానివలన ఎవరికి ఏమి లభించెనో, ఎవరికి ఏమి ఆగిపోయెనో ఒక్కమారు విచారించుట వివేకుల లక్షణము. రేపు సంతకము చేయు అధికారము పొందబోవు బాలబాలికలకు ఈ విచారణ మరింత అవసరము.