మెట్ట గింజకు మాల్టు దారి

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆస్ట్రేలియాలో నేనుంటున్న అడిలైడ్‌లో పడేది కూడా ఇంచుమించు అంతే. మొదట తెలిసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ వాన చలికాలంలో కురుస్తుంది కాబట్టి నేలలో తడి నిలుస్తుంది. మావైపు రెండు వానల మధ్య నెల రోజులు ఎండ కాసిందంటే శెనక్కాయ పైరు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ తేడా నాకు తెలుసు. కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకొకటి. దక్షిణ ఆస్ట్రేలియా మెట్ట పొలాల్లో పండిన బార్లీని మొలకెత్తించి ఆరబెట్టిన మాల్టు దేశదేశాలకు అమ్ముడుపోతోంది. మా మెట్టలో తరతరాలుగా పండిన రాగి, కొర్ర మాత్రం శెనక్కాయకు చోటిచ్చి వెనక్కి తగ్గాయి.

ఈ ఆలోచన నాకు ఇంట్లో బీరు తయారు చేసుకునే అలవాటు వల్ల వచ్చింది. ఇక్కడ సొంత వాడకానికి బీరు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మకూడదు, సారాయిలా బట్టీ పెట్టి దించకూడదు. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఈ వీలు కలిగింది. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. అందువల్ల ఊళ్లో ఉన్నవాళ్లు ఇది చదివి ప్రయత్నించవద్దని ముందే చెబుతున్నాను.

1862 నుంచి అడిలైడ్‌లో బీరు చేస్తున్న కూపర్స్ అనే కుటుంబ సంస్థ కిట్లు కూడా అమ్ముతుంది. 1.7 కిలోల డబ్బాలో తేనెలా చిక్కటి మాల్టు పాకం ఉంటుంది. చేదు కోసం హాప్స్ అనే పూల సారం అందులోనే కలిపి ఉంటుంది. మూత కింద ఈస్టు పొట్లం. పాకాన్ని వేడినీళ్లలో కరిగించి, కిలో చక్కెర కలిపి, 23 లీటర్లకు నీళ్లు పోసి, చల్లారాక ఈస్టు చల్లితే సరి. బీరు అవుతుంది కానీ పలుచగా ఉంటుంది, ఎందుకంటే చక్కెర మత్తునిస్తుందే తప్ప రుచినివ్వదు. అందుకే అలవాటున్నవాళ్లు చక్కెర మానేసి ఇంకేదైనా కలుపుతారు. బెల్జియం గోధుమ బీర్లలో ధనియాలు, నారింజ తొక్క వేయడం పాత పద్ధతి. బీరులో ధనియాలు పడతాయని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. హిందూపురం మార్కెట్లో గుట్టలుగా పోసే బెల్లం, చింతపండు గుర్తొచ్చాయి. ఆ తర్వాత రాగులు.

రాగులు మొలకెత్తించడం ఎలాగో అమ్మకు ఫోన్ చేసి అడిగాను.

“రాత్రంతా నానబెట్టు. పొద్దున నీళ్లు వంచేసి పల్చటి గుడ్డలో మూటగట్టు. గుడ్డ ఆరనీయొద్దు. మొలక రాంగానే నీడన ఆరబోసి, దోరగా వేయించి పిండి పట్టించు. ఇంతకూ పాప కోసమేనా?”

బీరు కోసమని నిజం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “మా కాలంలో ఆడోళ్లు సారా అంగళ్ల మీదికి పోయినారు నాయనా. మగోని కూలి డబ్బు ఇంటికి రాక పోయినారు. నువ్వేం చేసుకున్నా మితం తప్పొద్దు. ఎవరికీ బలవంతంగా పోయొద్దు” అంది.

అమ్మ మాట వెనక చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం అమలై, 1997లో సడలిపోయింది. ఆ ఆడవాళ్ల కష్టాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నేను రాయను. నా ఇంట్లో ఏ సీసాలో ఎంత మత్తుందో నాకు తెలుసు, ఎంత తాగాలో కూడా తెలుసు. ఆ లెక్క లేకుండా ఈ పని చేయకూడదు.

ఇక రాగి సంగతి. దోరగా వేయిస్తే మాల్టుకు కమ్మటి వాసన వస్తుంది కానీ, పిండిపదార్థాన్ని తీపిగా మార్చే ఎంజైములు ఆ వేడికి చాలావరకు చచ్చిపోతాయి. పైగా రాగి పిండి ఉడకడానికి బార్లీ కన్నా ఎక్కువ వేడి కావాలి. కాబట్టి కిలో రాగి మాల్టు పిండిని ముందు జావలా ఉడికిస్తాను. దాన్ని 68 డిగ్రీలకు చల్లార్చి, నలగ్గొట్టిన బార్లీ మాల్టు కిలో కలిపి, 65 డిగ్రీల దగ్గర గంటసేపు మూతపెట్టి ఉంచుతాను. గరిటె తిరగనంత చిక్కగా ఉన్న జావ చూస్తుండగానే జారుగా అవుతుంది. నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉంటుంది. పసిపిల్లలకు మొలకెత్తిన రాగుల జావ పోస్తే గొంతుకు అడ్డుపడకుండా జారిపోవడానికీ కారణం ఈ ఎంజైములే. మా అమ్మ చేతిలో ఉన్న విద్యే ఇది. బీరు తయారీలో మొదటి మెట్టు మాల్టు చేయడం, దాన్ని అనంతపురం ఇల్లాళ్లు ఎప్పుడో ఎక్కేశారు.

తర్వాత గుడ్డలో వడగట్టి, ఆ తియ్యటి నీళ్లను బాగా మరిగిస్తాను. దంచిన ధనియాలు ఒక చెంచా చివర్లో వేస్తాను. డబ్బా పాకాన్ని మాత్రం మరిగించను, మరిగిస్తే హాప్స్ వాసన ఆవిరైపోతుంది. పొయ్యి ఆపాకే కలపాలి. ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం శుభ్రత. ఈస్టు వేసే ముందు డ్రమ్ము, గొట్టం, గరిటె క్రిమిరహితం చేయకపోతే బీరు చెడిపోయి కంపు కొడుతుంది.

ఈస్టు వేశాక ఇరవై డిగ్రీల చల్లటి మూలలో వారం రోజులు పులుస్తుంది. సాంద్రత కొలిచే హైడ్రోమీటరు మొదట 1.040 చూపి, చివరకు 1.008 దగ్గర ఆగిందనుకోండి, బీరులో మత్తు 4.2 శాతం. వరసగా రెండు రోజులు అంకె కదలకపోతేనే సీసాల్లో నింపాలి. తొందరపడితే లోపల గ్యాసు పెరిగి సీసా పేలుతుంది. ముప్పావు లీటరు సీసాకు ఆరు గ్రాముల చక్కెర వేసి మూత బిగించి, రెండు వారాలు ఆగాలి. రాగి కలిసిన బీరు ఎర్రమట్టి రంగులో ఉంటుంది. వేయించిన గింజ వాసన ముందు తగులుతుంది, చేదు తర్వాత వస్తుంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. సిక్కిం, నేపాల్ కొండల్లో రాగులతో ఛాంగ్, తుంబా అనే బీర్లు చేసుకుంటారు. ఆఫ్రికాలో జొన్న, రాగి బీర్లు తరతరాలుగా ఉన్నాయి. నైజీరియా 1988లో బార్లీ దిగుమతి ఆపేస్తే అక్కడి పెద్ద కంపెనీలు జొన్నకు మళ్లాయి, జొన్న రైతుకు కొత్తగా కొనేవాడు దొరికాడు. మెట్ట గింజ విలువ పెరగాలంటే దాన్ని మాల్టు చేసేవాడు కావాలి.

మావైపు ఆ ప్రయత్నం లేకపోలేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి మెట్ట భూములను బాగుచేస్తూ, ధరణి అనే రైతు సహకార సంఘం ద్వారా చిరుధాన్యాలు కొని అమ్మిస్తోంది. అలాంటివి ఇంకా పెరగాలి. మాల్టు ఒక్క బీరుకే కాదు, పసిపిల్లల ఆహారానికి, బిస్కెట్లకు, పాల పొడులకూ కావాలి. ఆడవాళ్ల సంఘాలకు ఆరబెట్టే యంత్రాలు, గిడ్డంగి, కొనుగోలు ఒప్పందం ఇస్తే, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో మాల్టు చేసే చేతులకు కొదవ లేదు.

ప్రవాసంలో ఉన్న మన జిల్లా వాళ్లకు ఒక్క విన్నపం. మీరు బీరు చేసినా, జావ కాచినా, దోశ పోసినా, రాగులు, కొర్రలు కొనేటప్పుడు అవి ఎక్కడివో అడగండి. మెట్ట రైతు సంఘాల సరుకు దొరికితే అదే కొనండి. ఊరికి పోయినప్పుడు మన పొలంలో ఒక చెక్కలోనైనా రాగి, కొర్ర వేయించండి. కొనేవాళ్లుంటేనే వేసేవాళ్లుంటారు.