తల ఊపే బొమ్మల మేడ

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళని ఏం చూశారని అడగండి. నయాగరా జలపాతం, లిబర్టీ విగ్రహం, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి అని గడగడా అప్పజెప్పేస్తారు. మా అబ్బాయి ఉద్యోగం మిల్వాకీలో కావడంతో మాకు ఆ జాబితాలో లేని వింత ఒకటి చూసే యోగం పట్టింది. తల ఊపే బొమ్మలకి ఆ ఊళ్ళో ఏకంగా ఒక మ్యూజియమే ఉంది!

మిల్వాకీ చికాగోకి ఉత్తరాన 150 కిలోమీటర్ల లోపే. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంటుంది. సరస్సు అనగానే మన హుస్సేన్‌సాగర్‌ని ఊహించుకోకండి. అవతలి ఒడ్డు కనపడదు, విశాఖ బీచిలో నుంచున్నట్టే ఉంటుంది, ఉప్పగాలి ఒక్కటే తక్కువ. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు బీరు కాచి పేరు తెచ్చిన ఊరిది. వాళ్ళ బేస్‌బాల్ జట్టు పేరు కూడా బ్రూయర్స్, అంటే బీరు కాచేవాళ్ళు. నేను ముక్కున వేలేసుకుంటే మావారు మాత్రం, "ఊరికి అన్నం పెట్టినదాన్ని పేరులో పెట్టుకున్నారు, తప్పేముంది?" అన్నారు.

బొమ్మల మ్యూజియం ఫస్ట్ స్ట్రీట్‌లో ఒక పాత కట్టడంలో, మేడ మీద ఉంది. 2019 ఫిబ్రవరి 1న తెరిచారట. మెట్లెక్కి లోపలికి వెళితే అద్దాల బీరువాల నిండా బొమ్మలే బొమ్మలు, ఆరువేలకి పైనే. చిన్న ఒళ్ళు, పెద్ద తలకాయ, మెడలో స్ప్రింగు. వీటిని బాబుల్‌హెడ్స్ అంటారు. ఆటగాళ్ళు, అమెరికా అధ్యక్షులు, సినిమావాళ్ళు, కార్టూన్ బొమ్మలు, అందరూ అక్కడే ఉన్నారు. అమ్మకానికి పెట్టినదాన్ని ఒకదాన్ని మా మనవరాలు వేలితో తట్టింది. గంగిరెద్దులా తల ఊపడం మొదలెట్టి ఎంతసేపటికీ ఆపదే! "నానమ్మా, తాతయ్యలాగే అన్నిటికీ సరే అంటోంది" అని అది నవ్వు.

ఇది అమెరికావాళ్ళు కనిపెట్టిందేమీ కాదు. తల ఊపే మట్టిబొమ్మలు చైనా నుంచి ఓడల్లో ఇంగ్లండు చేరేవి. 1760లలో జొఫానీ అనే చిత్రకారుడు షార్లెట్ రాణిని పిల్లలతో కలిపి బొమ్మ గీస్తే, వెనక గదిలో అలాంటి చైనా బొమ్మలు నిలబడి కనిపిస్తాయి. రష్యాలో గొగోల్ 1842లో అచ్చయిన "ఓవర్‌కోట్" కథలో తల ఊపే పిల్లిబొమ్మల ప్రస్తావన తెచ్చాడు.

మనకైతే ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో తంజావూరు బొమ్మ తెలియనిదెవరికి? నాట్యం చేసే ఆ అమ్మాయికి స్ప్రింగు ఉండదు. పావడా, నడుము, తల వేరువేరు ముక్కలుగా చేసి ఒకదాని మీద ఒకటి నిలబెడతారు. ఫ్యాను గాలికే ఊగిపోతుంది. రాజారాణి బొమ్మల కిటుకు వేరు. అడుగున గుండ్రంగా, బరువుగా మట్టి ఉంటుంది కాబట్టి ఎంత పడదోసినా లేచి కూచుంటాయి. మన తెలుగు నాయకరాజులు ఏలిన ఊరి పేరు ఈ బొమ్మలతో ఇంకా ఇంటింటా వినపడుతోందంటే నాకు సంతోషమే. ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ బజారులో ఇప్పుడు ప్లాస్టిక్‌వే ఎక్కువ. కొలువుకి కొనేటప్పుడు కాస్త చేత్తో పట్టుకుని, కాగితపు గుజ్జుతో చేసినదేనా అని చూసి కొనండి.

మళ్ళీ మిల్వాకీకి వద్దాం. 1960 ప్రాంతంలో బేస్‌బాల్ జట్ల బొమ్మల్ని జపాన్‌లో కాగితపు గుజ్జుతో చేయించి అమెరికాలో అమ్మేవారు. తమాషా ఏమిటంటే, జట్టు ఏదైనా మొహం ఒక్కటే! అదే బుగ్గల పిల్లాడి మొహం, చొక్కా రంగు మాత్రం మారేది. తర్వాత పింగాణీవి వచ్చాయి, ఆపైన మోజు తగ్గిపోయింది. మళ్ళీ ప్రాణం పోసింది ఉచిత బహుమతి. 1999 మే 9న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టువాళ్ళు ఆట చూడ్డానికి వచ్చిన 20,000 మందికి విల్లీ మేస్ అనే తమ పాత వీరుడి బొమ్మ ఊరికే పంచిపెట్టారు. అప్పటికి చైనాలో చవగ్గా, మొహం పోలికలతో సహా చేసిచ్చే ఫ్యాక్టరీలు వచ్చేశాయి. ఇక చూడండి, ప్రతి జట్టుకీ ఒక బొమ్మల రోజు! ఆట కోసం కాదు, బొమ్మ కోసమే పొద్దున్నుంచీ క్యూలో నుంచునేవాళ్ళు తయారయ్యారు.

మనం నవ్వడానికి లేదు లెండి. సబ్బుపొడితో స్టీలు చెంచా, టీపొడితో గాజుగ్లాసు ఇస్తే మనం అవసరం లేకపోయినా రెండు ప్యాకెట్లు తెచ్చుకోలేదూ? బినాకా పేస్టు డబ్బాలో వచ్చే బుల్లి ప్లాస్టిక్ జంతువుల కోసం మా ఇంట్లో అయిదుగురు పిల్లలం పేస్టుని ఎలా ఖర్చుపెట్టామో మా అమ్మకే తెలుసు. ఉచితం అన్నదాని ఖరీదు టిక్కెట్టులోనో ప్యాకెట్టులోనో ఎక్కడో ఉంటుంది. అయినా చెయ్యి చాస్తాం.

ఈ మ్యూజియం పెట్టిన ఫిల్ స్క్లార్, బ్రాడ్ నోవాక్ అనే ఇద్దరు స్నేహితులు కూడా ఉచిత బొమ్మతోనే మొదలుపెట్టారు. బ్రాడ్ ఒక చిన్న బేస్‌బాల్ జట్టులో పనిచేసేటప్పుడు అక్కడ పంచిన బొమ్మ వాళ్ళ మొదటిదట. అలా పోగుపడ్డాక వాళ్ళు సొంతంగా చేయించిన మొట్టమొదటి బొమ్మ ఏ హీరోదో కాదు. స్పెషల్ ఒలింపిక్స్‌లో, అంటే బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ ఆటల్లో పాల్గొనే తమ మిత్రుడిది. ఆ తర్వాతే మ్యూజియం ఆలోచన బలపడింది. 2020లో కరోనా వచ్చినప్పుడు డాక్టర్ ఫౌచీ బొమ్మ చేసి, అమ్మిన ప్రతి బొమ్మకీ 5 డాలర్లు ఆసుపత్రి సిబ్బంది మాస్కుల కోసం ఇచ్చారు. ఆ ఏడాదే కమలా హారిస్ బొమ్మా చేశారు. ఆవిడ తాతగారి ఊరు తులసేంద్రపురం తంజావూరు వైపే కదా, తల ఊపే బొమ్మ ఆవిడకి పుట్టింటి సారె లాంటిదే అనుకున్నాను.

ఆ మిత్రుడి బొమ్మ సంగతి విన్నప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. మా పెద్దక్క కొడుకు బుజ్జి కూడా అలాంటివాడే. నలభై దాటినా పసివాడే. పెళ్ళిళ్ళలో వాణ్ణి వెనక గదిలో కూచోబెట్టి, అక్కయ్య భోజనం అక్కడికే పట్టుకెళ్ళడం మా వాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఎవరూ కసిరిందీ లేదు, పిలిచిందీ లేదు. పాటలు వింటూ తల ఊపడం వాడికి భలే ఇష్టం.

ఫొటో ఇస్తే మనకి కావలసినవాళ్ళ బొమ్మ కూడా చేసిపెడతారని తెలిసి మా అబ్బాయిని అడిగించాను. మొహం బాగా కనిపించే ఫొటోలు కావాలన్నారు, పక్కల నుంచి తీసినవి కూడా ఉంటే మంచిదన్నారు. ఆ రాత్రే అక్కయ్యకి ఫోన్ చేశాను.

"ఫొటోనా? వాడిదా?" అంది. చాలాసేపు మాట్లాడలేదు. ఆల్బమ్‌లన్నీ తిరగేసింది. అమ్మాయి పెళ్ళి, మనవడి బారసాల, షష్టిపూర్తి, అన్నీ ఉన్నాయి. ఒకదాంట్లో తలుపు వారగా వాడి భుజం మాత్రం పడింది. మొహం ఉన్నది ఒక్కటీ లేదు.

మేం ఇండియా వచ్చిన నాలుగో రోజున అక్కయ్య వాడికి తలంటి, నీలం చొక్కా తొడిగింది. వీధిలోని స్టూడియోకి ముగ్గురం నడిచే వెళ్ళాం. ముందు నుంచి ఒకటి, పక్కల నుంచి రెండు తీయించాం. కుర్రాడు "తల కదపకు బాబూ" అన్నకొద్దీ బుజ్జి ఊపుతూనే ఉన్నాడు. నాలుగోది అక్కయ్య అడిగి తీయించుకుంది, వాడి పక్కన తనూ కూచుని.