పొగలో దాగిన రుచి – కొడవలూరు కబుర్లు

సినిమాలో పొగ అంటే మీకు తెలియందేముంది! హీరో హీరోయిన్లు కలలోకి జారుకోగానే సెట్టు నిండా తెల్లటి పొగ కమ్మేస్తుంది. మేఘాల్లో తేలుతున్నట్టు డ్యూయెట్ మొదలవుతుంది. ఆ పొగకి కనిపించడమే పని. వంటింటి పొగ సంగతి వేరు. అది కంటికి కనిపించీ కనిపించనట్టు ఉండాలి, నాలుక్కి మాత్రం తెలిసిపోవాలి. ఈ రహస్యం నాకు తెలిసింది ఏ స్టార్ హోటల్లోనో కాదు, నెల్లూరు జిల్లా కొడవలూరులో!

నెల్లూరులో పెన్న దాటి, కోవూరు మీదుగా ఉత్తరంగా వెళితే కొడవలూరు వస్తుంది. పాసింజరు బండిలో అయితే పడుగుపాడు తర్వాత స్టేషను. అదే లైన్లో ఇంకాస్త పైకి పోతే బిట్రగుంట. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరు మోసిన ఊరు. కొడవలూరు చుట్టూ చూపు ఆనినంత మేరా వరి చేలు. తూర్పున విడవలూరు దాటి రామతీర్థం చేరితే సముద్రం. నెల్లూరనగానే సినిమా అభిమానులకి రమణారెడ్డి, వాణిశ్రీ గుర్తొస్తారేమో గానీ, భోజనప్రియులకి ముందు గుర్తొచ్చేది చేపల పులుసే. మట్టి దాకలో, పుల్ల మామిడికాయ ముక్కలు వేసి కాచి, మర్నాటి దాకా ఊరనిచ్చి తింటే... సరే, ఆ కథ మరోసారి!

ఈసారి నేను వెళ్ళింది మా పెద్దమ్మ ఇంటికి. ఆవిడ కొడుకు, అంటే మా అన్న, డల్లాస్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ వాళ్ళ పెరట్లో పెల్లెట్ గ్రిల్ ఉందట. 1980ల్లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో పుట్టిన పొయ్యి అది. రంపపు పొట్టుని గట్టిగా నొక్కి, చిన్న చిన్న గుళికలుగా చేసి అమ్ముతారు. మీట నొక్కితే చాలు, మర తనంతట తనే గుళికల్ని మంటలోకి తోస్తుంది, ఫ్యాను గాలి విసురుతుంది, వేడి చెప్పినచోట నిలుస్తుంది.

"మాంసం బ్రహ్మాండంగా ఉడుకుతుందిరా. పొగ వాసన మాత్రం నిల్!" అన్నాడు అన్న, చాలా దిగులుగా.

కారణం ఆ ఫ్యానులోనే ఉంది. గాలి పుష్కలంగా అందితే కట్టె శుభ్రంగా కాలిపోతుంది, పొగ తక్కువ. గాలి తగ్గి కట్టె మంట లేకుండా రగిలితేనే అందులోని లిగ్నిన్ విరిగి, గ్వయకాల్, సిరింగాల్ లాంటి పదార్థాలు పొగలోకి చేరతాయి. మనం పొగ రుచి అనుకునేది చాలావరకు వాటి చలవే!

పెద్దమ్మ పాఠం

పెద్దమ్మకి ఈ పేర్లేవీ తెలియవు. కానీ ఆ మధ్యాహ్నం ఆవిడ నాటుకోడిని సిద్ధం చేయడం చూస్తే మొత్తం శాస్త్రం అందులోనే కనిపించింది. ఈకలు పీకిన కోడికి పసుపు పట్టించి, ఎండు తాటాకు మంట మీద అటూ ఇటూ తిప్పింది. నూగు కాలిపోయింది, చర్మం బంగారు రంగుకి తిరిగింది. ఆ తర్వాతే కడగడం, ముక్కలు కొట్టడం. అంటే, మాంసం ఇంకా పచ్చిగా, చల్లగా, తడిగా ఉన్నప్పుడే పొగ చూపిస్తున్నారన్న మాట. పొగ బాగా అంటుకునేది అలాంటి దానికే. ఉడికి పైన ఎండిపోయాక ఎంత పొగ పెట్టినా అంతగా పట్టదు.

"మరి నా గ్రిల్లుకేది దారి?" అన్నాడు అన్న.

దారి ఉంది. మాంసాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే పెట్టాలి. మొదటి గంటా రెండు గంటలూ వేడి 110 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు. పైన ఎండిపోకుండా అప్పుడప్పుడూ నీళ్ళు చిలకరించాలి. చిల్లులున్న ఉక్కు గొట్టంలో గుళికలు నింపి, ఒక కొస వెలిగించి, మంట ఆర్పి లోపల పెడితే అది గంటల తరబడి రగులుతూ పొగనిస్తుంది. కట్టెముక్కల్ని నానబెట్టడం మాత్రం దండగ. ముందు వచ్చేది ఆవిరి, పొగ కాదు! ఇంకొక్క మాట: లేత నీలం పొగ మంచిది. డ్యూయెట్‌లోలా దట్టమైన తెల్ల పొగ వస్తే కూర చేదెక్కుతుంది.

సర్కారు తుమ్మకి టెక్సాస్ చుట్టాలు

అన్న అక్కడ కొనే గుళికల్లో 'మెస్కీట్' రకం ఒకటుందట. సంచీ మీద బొమ్మ ఫోనులో చూపించాడు. చూసి నవ్వాగలేదు. ముళ్ళకంపల్లో మన కాలికి గుచ్చుకునే సర్కారు తుమ్మకి అది స్వయానా చుట్టం! మన తుమ్మ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. అది దేశమంతా పాకి, పొలాలని మింగి, చివరికి పేదల పొయ్యిలో కట్టె అయింది, బట్టీల్లో బొగ్గు అయింది. అన్న డాలర్లు పోసి కొనే పరిమళం పెద్దమ్మ పెరటి కంచెలో ఊరికే పడి ఉంది!

ఆ ఉత్సాహంలో అన్న ఒక ప్రకటన చేశాడు. ఇల్లు బాగు చేయిస్తున్నాడు కదా, వంటింట్లోనే పాతకాలపు కట్టెల పొయ్యి మళ్ళీ కట్టిస్తాడట.

పెద్దమ్మ గరిటె పక్కన పెట్టింది.

"అట్టా కాదు నాయనా. నీకు గుర్తుండేది వాసన. నాకు మిగిలింది దగ్గు. ముప్పై ఏళ్ళు ఆ పొగలో కళ్ళు తుడుచుకుంటా వండినా. గ్యాసు పొయ్యి వచ్చినరోజు నేనేడ్చినా, తెలుసా? అది పొగకి కాదు!"

ఎవరూ మాట్లాడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం 1999లో మొదలైంది, దేశమంతటా ఉజ్జ్వల 2016లో వచ్చింది. పెద్దమ్మ లాంటి వాళ్ళకి అవి పథకాలు కావు, ఊపిరి. ఇళ్ళల్లోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనం లొట్టలేసుకునే రుచి వెనక ఎవరి ఊపిరితిత్తులున్నాయో ఆ లెక్క చెబుతుంది.

చివరికి రాజీ కుదిరింది. వంటింట్లో గ్యాసే. కట్టెల పొయ్యి పెరట్లో, వేపచెట్టు కింద, నాలుగువైపులా గాలి ఆడేచోట. అదీ పండక్కీ పబ్బానికీ మాత్రమే. పెద్దమ్మ ఇంకో షరతు కూడా పెట్టింది. మూలనున్న ఊదుగొట్టం తీసి కొడుకు చేతిలో పెట్టి, "పొయ్యి కట్టేదీ నువ్వే, ఊదేదీ నువ్వే. నేను కుర్చీ ఏసుకోని కూచుంటా," అంది.

మర్నాడు ఆ పొయ్యి మీదే నాటుకోడి పులుసు. ఊది ఊది అన్న కళ్ళు ఎర్రబడ్డాయి. కూర మాత్రం, ఏం చెప్పమంటారు, అమోఘం! పెద్దమ్మ రెండుసార్లు వడ్డించుకుని తింది.