డాక్టరు చదువుకు ముందు ఏ చదువు?

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో రాజంపేటలోని మా ఇంటికి జ్వరాలతో వచ్చేవారికంటే మార్కుల పత్రాలతో వచ్చేవారే ఎక్కువ. "సార్, పాపను డాక్టరును చేయాలనుకుంటున్నాము. ఏం చదివించమంటారు?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానం చెప్పడం మానుకున్నాను. అందుకు కారణం మా చెల్లెలి కూతురు.

ఆ అమ్మాయి బైపీసీ చదివింది. మొదటిసారి నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు. హాస్టలులో ఉంచి లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించారు. రెండోసారీ సీటు తప్పింది. "అన్నా, ఇంకొక్క ఏడు చదివిస్తే వస్తుందంటావా?" అని చెల్లెలు అడిగింది. "తప్పకుండా వస్తుందమ్మా" అన్నాను. చదవవలసిన పిల్లను మాత్రం ఇద్దరమూ అడగలేదు.

ఆ ఏడు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, "మామా, మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. చదివింది నిలవడం లేదు" అని చెప్పింది. పరీక్ష భయమని సర్దిచెప్పి పంపాను. నలభై ఏళ్లు వైద్యం చేసినవాడిని, ఆ పిల్ల కనురెప్ప దించి చూడలేదు. రెండు నెలలకు హాస్టలులో కళ్లు తిరిగి పడిపోయింది. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 7.8 గ్రాములు. ఆ వయసు ఆడపిల్లలకు 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటాము. రోజుకు ఐదు గంటల నిద్ర, అన్నం మానేసి టీతో గడిపిన రాత్రులు, నెలసరిలో అధిక రక్తస్రావం... నేను అడిగి ఉంటే అన్నీ చెప్పి ఉండేది.

చికిత్సతో కొన్ని నెలలకు కోలుకుంది. అప్పుడు మొదటిసారి అడిగాను, "నీకేం చదవాలని ఉందమ్మా?" అని. "డాక్టరు కావాలని నాకు ఉండిందో, మీ అందరికీ ఉండిందో ఇప్పుడు తెలియడం లేదు మామా" అంది. తోటల మధ్య పెరిగిన పిల్ల. రైల్వేకోడూరు దగ్గరి అనంతరాజుపేట ఉద్యాన కళాశాలలో చేరింది. ఇప్పుడు మూడో ఏడు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ ముగించిన తరువాతనే వైద్య కళాశాలకు వెళతారు. ఆ డిగ్రీ జీవశాస్త్రంలోనే ఉండాలన్న నియమం లేదు. చరిత్రో సంగీతమో ప్రధానంగా చదివినా, కావలసిన సైన్సు పాఠాలు పూర్తిచేసి, ఎంక్యాట్ పరీక్ష రాసి దరఖాస్తు చేసుకోవచ్చు. మన పిల్లలకు ఆ నిర్ణయం పదిహేను, పదహారేళ్లకే వచ్చి పడుతుంది. కనుక తల్లిదండ్రులు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

నీట్‌లోని 720 మార్కులలో 360 జీవశాస్త్రానివే. ఆ పాఠం మీద ఇష్టం లేని పిల్లను బైపీసీలో చేర్పించడం ఆమెకు అన్యాయం. ఎంపీసీ తీసుకున్నంత మాత్రాన దారి మూసుకుపోదు. ఇంటర్ తరువాత జీవశాస్త్రాన్ని అదనపు పాఠ్యాంశంగా చదివి ఉత్తీర్ణులైనవారూ నీట్ రాయవచ్చునని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించింది. నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితిని 2022లోనే తొలగించారు. అంటే, డిగ్రీ చదువుతూ కూడా మళ్లీ ప్రయత్నించవచ్చు.

ఏ డిగ్రీ చదివినా నీట్ ర్యాంకుకు అదనపు మార్కులు కలవవు. కాబట్టి డాక్టరు సీటు రాకపోయినా సంతోషంగా బ్రతకగల చదువునే ఎంచుకోవాలి. నర్సింగు, ఫిజియోథెరపీ, ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ, వ్యవసాయం, ఏదైనా కావచ్చు. వీటిలో ఏదీ ఓడినవారి చదువు కాదు. నేనూ తొలి ప్రయత్నంలో సీటు రాక ఒక ఏడాది బీఎస్సీ చదివినవాడినే. అప్పుడు నేర్చుకున్న రసాయనశాస్త్రం ఎంబీబీఎస్ మొదటి ఏట బయోకెమిస్ట్రీలో అక్కరకు వచ్చింది.

లాంగ్‌టర్మ్ వద్దని నేను అనను. ఎన్నిసార్లు రాయాలో ముందే పిల్లతో కలిసి నిర్ణయించుకోండి. ఆ వయసులో కనీసం ఎనిమిది గంటల నిద్ర కావాలి. ఆయాసం, గుండెదడ, మతిమరుపు కనిపిస్తే పరీక్ష భయమని కొట్టిపారేయక రక్తపరీక్ష చేయించండి.

ఇప్పుడు మార్కుల పత్రంతో ఎవరు వచ్చినా, తల్లిదండ్రులను కాసేపు వసారాలో కూర్చోమంటాను. ముందు పిల్లతో మాట్లాడతాను.