ఊళ్లో ఎక్కడ? (వాడ ముచ్చట్లు – 17)



తెలుగుల పీహెచ్‌డీ చేసి, కాలేజీల పాఠాలు చెప్పేటోడు కార్టూన్లు చూసుడేందని కొందరు నవ్వుతరు. చూస్త. జపాన్ అనిమే అంటే నాకు పాణం. హైదరాబాద్ హైటెక్స్‌ల కామిక్ కాన్‌కు పోయొచ్చిన ముచ్చట ఇది.

నాతోటి నా స్టూడెంట్ ఒకడు వచ్చిండు, బోధన్ దిక్కు పిలగాడు. ‘అటాక్ ఆన్ టైటన్’ల సర్వే కోర్ సైనికుని కాస్‌ప్లే చేసిండు. ఆ సైనికులకు ఛాతి నుంచి కాళ్ల దాక తోలు బెల్టులుంటయి. అవన్ని వాళ్ల నాయిన కుట్టిచ్చిండు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడేదాక ఆయన చెరుకు బండ్ల కాడ కూలి. ఇప్పుడు బస్టాండ్ దగ్గర చెప్పులు కుడుతడు. కొడుకు ఫోన్‌ల బొమ్మ చూపిస్తే, ఏ బెల్టు ఏడ మొదలై ఏడికి పోతున్నదో లెక్కవెట్టి, పదిహేను రాత్రులు కూసొని కుట్టిండట.

అక్కడ మాకోసం ఇద్దరు దోస్తులు ఎదురుచూస్తున్నరు. మూడేండ్ల సంది వారం వారం ఆన్‌లైన్‌ల కూడి మాట్లాడుకునేటోళ్లం. ఒకాయన మన తెలుగాయనే, డాలస్‌ల సాఫ్ట్‌వేర్, సెలవులకు ఇంటికొచ్చిండు. ఒకామెది ఒసాకా. ఎదురుంగ కలుసుడు అదే మొదలు. మూడేండ్లు మేం ఒకరినొకరం పాత్రల పేర్లతోటే పిలుచుకున్నం. కులం తెల్వకుంట నడిచిన దోస్తానా అది. దాని విలువ నాకు ఎరుకే.

పిలగాని బెల్టులు చూసి జనం ఆగి ఫోటోలు దిగిన్రు. చుట్టూ ఉన్న వేషాలల్ల చానా మటుకు రెగ్జిన్, ఫోమ్ షీట్లే. ఒసాకా ఆమె బెల్టు అంచును వేలుతోటి తడిమి, ఇది చేతికుట్టు గదా, ఎవరు చేసిన్రు అని అడిగింది. వాడు నా దిక్కు ఒకసారి చూసి, “ఆన్‌లైన్‌ల కొన్న మేడమ్” అన్నడు. నేను ఏమనలే.

పగటీలి తినేకాడ ముచ్చట ఎల్డియన్ల మీదికి పోయింది. హజిమె ఇసయామ 2009 నుంచి 2021 దాక గీసిన ఈ కథల, మార్లే దేశం ఎల్డియన్లను గోడ లోపట పెడ్తది. బయటికి రావాలంటే జబ్బకు గుర్తుగుడ్డ కట్టుకోవాలె. వీళ్లు ఫలానోళ్లని అందరికి తెలువాలె గదా. “పుట్టుకను బట్టి మనిషికి గుర్తు పెట్టడమేంటి అన్నా!” అనుకుంట డాలస్ దోస్తు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. ఉత్త మాటలు కావు, నిజంగనే బాధపడ్డడు.

ఐదు నిమిషాలు గడిచినయో లేదో, “ఇంతకీ మీ ఇంటిపేరేంటన్నా? నిజామాబాద్‌లో ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ?” అన్నడు.

ఆయన చెడ్డోడు కాదు. కథల ఉన్న గుడ్డ ఆయనకు కనపడ్డది, తన నోట్లె ఉన్న గుడ్డ కనపడలే.

నేనేం చెప్పిన? “బోధన్ రోడ్డు పక్కన” అన్న. దళిత సాహిత్యం మీద గంటలు గంటలు మాట్లాడే నోరు ఇది.

మాట మార్చుదామని ఒసాకా ఆమెను బురాకుల గురించి అడిగిన. ఆమె అటూఇటూ చూసి గొంతు తగ్గించింది. ఆ మాట బయట అనొద్దని వాళ్లమ్మ చిన్నప్పుడే చెప్పిందట. అంతకుమించి ఏం చెప్పలే.

తెల్వనోళ్ల కోసం చెప్త. జపాన్‌ల తోలుపని, పశువులు కోసే పని, శవాల పని చేసేటోళ్లను తరాల కొద్ది వెలివెట్టిన్రు. 1871ల సర్కారు ఆ పాత కులపేర్లను రద్దు చేసింది. మిగతా జనంతోటి భాష ఒక్కటే, రూపం ఒక్కటే. మరెట్ల గుర్తువడ్తరు? అడ్రస్‌ను బట్టి. వాళ్ల వాడలు ఏడేడ ఉన్నయో జాబితాలు రాసి, కంపెనీలకు దొంగచాటుగ అమ్మిన సంగతి 1975ల బయటపడ్డది. నౌకరికి వచ్చినోని ఊరు అండ్ల ఉన్నదా అని చూసుకునుడు. మనకాడ నోటితోటి అడిగే “ఊళ్లో ఎక్కడ?”ను అక్కడ పుస్తకం చేసి అమ్మిన్రన్నట్టు.

ఇంకో సంగతి సుత ఉన్నది. మన మహద్ చెరువు పోరాటం 1927ల. దానికి ఐదేండ్ల ముందు, 1922 మార్చి 3న, క్యోటోల బురాకు జనం సుయిహెయిషా అనే సంఘం పెట్టుకున్నరు. లోకం తమను తిట్టే పేరునే తమ ప్రకటనల రాసుకొని, దాన్ని గర్వంగ చెప్పుకునే కాలం వచ్చిందన్నరు. అడ్రస్ దాస్తే బతికిపోవచ్చనే కాడ నిలవడి అన్నరు ఆ మాట.

రాత్రి జేబీఎస్‌ల బస్సెక్కినం. కామారెడ్డి దాటినంక పిలగాడు అడిగిండు: “నేనంటే భయపడ్డ సార్. మీరెందుకు చెప్పలే?”

బస్సుల జవాబు ఇయ్యలేకపోయిన. ఇప్పుడు ఇస్తున్న. భయం నాకు సుత అయింది బిడ్డా. నువ్వు అబద్ధమాడే ముందు నా మొఖం చూసినవ్. అండ్ల నీకు ధైర్యం దొరకలే. తప్పు నాది.

వాన్ని అడిగినంకనే ఇదంత రాస్తున్న. “మా నాయిన పేరు వద్దు సార్, పని రాయుండ్రి” అన్నడు.

డాలస్ తమ్మీ, నువ్వు ఇది చదువుతవని తెలుసు. మా ఇల్లు ఊరవతల, చెరువు కట్ట కింద, మాదిగవాడల. వచ్చే సెలవులకు రా, చాయ్ తాగి పోదువు. ఒసాకా ఆమెకు నిన్న రాత్రే రాసి పంపిన: ఆ బెల్టులు కొన్నయి కావు, పిలగాని నాయిన కుట్టినయి.