కోట్ల అక్షరాల్లో ఒక్క తప్పు

నేను సికింద్రాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీఎస్సీ చదువుతున్న. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు.

జెనెటిక్స్ క్లాసు మొదట్లో ఏమీ అర్థం కాలేదు. అడిగితే నవ్వుతారని అడగలేదు. సబ్జెక్టే మార్చుకుందామనుకున్న. నన్ను ఆపింది సాంబ మసూరి.

ఈ బీపీటీ 5204 సన్నవడ్లు బాపట్లలో పుట్టి 1986లో విడుదలైనయి. మాకు దగ్గర్లోనే, హబ్సిగూడ సీసీఎంబీ వాళ్లు ఆ విత్తనాలకు ఈఎంఎస్ అనే రసాయనం పట్టించి, వేల రకాల మార్పు మొక్కలు తీశారు. కొన్ని కాండం తొలిచే పురుగును తట్టుకున్నయి. మరి ఏ జన్యువు మారింది? వరి జన్యుపటంలో దాదాపు 39 కోట్ల అక్షరాలు!

2012లో జపాన్ శాస్త్రవేత్తలు మ్యుట్‌మ్యాప్ అనే దారి చూపించారు. మారిన మొక్కను అసలు రకంతో కలపాలి. రెండో తరంలో ఆ కొత్త గుణం ఉన్న మొక్కలనే ఏరి, డీఎన్ఏ అంతా కలిపి చదవాలి. సంబంధం లేని మార్పులు సగం చోట్లే కనిపిస్తాయి. అసలు కారణమైనది మాత్రం అన్నింట్లో ఉంటది.

ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. కోతకు ముందే చేనంతా తిరిగి, వేరుగా ఉన్న మంచి కంకులు ఏరి విత్తనానికి దాస్తది. మొదటి పని అదే కదా, ఏరడం!

తెల్లారి క్లాసులో లేచి అడిగిన, "సగమే ఎందుకు సార్?" వెనక ఎవరో నవ్వారు. సార్ మాత్రం బోర్డు మీద మళ్లీ గీసి చెప్పిండు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అర్థం కాకుంటే అడగండి. మనం విత్తనం తెలిసిన ఇండ్లల్ల పుట్టినోళ్లం.

జై ఆదివాసీ.