ఐన్ ఉన్న పేరు

మన పేర్లలో ఐన్ ఒక అజీబ్ హర్ఫ్. ఉర్దూ మీడియం బడిలో ఇమ్లా రాసేటప్పుడు అలిఫ్ ఎక్కడో, ఐన్ ఎక్కడో తప్పితే మా ఉస్తాద్ ఊరుకునేవారు కాదు. సాదియా, మసూద్, రఫత్... ఈ పేర్లన్నిటి మధ్యలో ఐన్ ఉంది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక చూస్తే తెలుగులో దానికి అక్షరమే లేదు. సాదియా అని దీర్ఘం ఇచ్చి సరిపెట్టుకుంటాం. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం కొందరు అమ్మీ అబ్బాలు అక్కడ ఒక అపాస్ట్రఫీ పెట్టి ఐన్ జాగా కాపాడతారు. పెళ్లి రుఖాల మీద మీరూ చూసే ఉంటారు. ఆ చిన్న గుర్తు ఎంత ఫసాద్ చేయగలదో మొన్న రమజాన్‌కు ముందు తెలిసింది.

ఎల్‌బీ నగర్ దగ్గర మా బస్తీలో కొందరు పెద్దలు ఏటా జకాత్ పైసలతో పిల్లల కాలేజీ ఫీజులు కడతారు. దరఖాస్తులు, మార్కుల మెమోల ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి. ఒక్కో ఫోటోకు ఆ పిల్లల పేరే పెట్టి ఒక ఫోల్డర్‌లో దాస్తారు. ఆ ఫోటోలు మరీ పెద్దవి, సైజు తగ్గించి కమిటీకి ఇవ్వాలి. ఆ పని మా భాంజాకు అప్పగించారు. వాడు దిల్‌సుఖ్‌నగర్‌లో పైథాన్ నేర్చుకుంటున్నాడు. ఆ రోడ్డు సంగతి మీకు తెలియంది కాదు, మెట్రో పిల్లర్ల పక్కన ఏ మేడ చూసినా కోచింగ్ బోర్డులే.

మొత్తం 41 ఫోటోలు. వాడు పది లైన్ల ప్రోగ్రామ్ రాశాడు. ఫోటోలు చిన్నవి చేయడానికి ఇమేజ్‌మ్యాజిక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో కన్వర్ట్ అనే కమాండ్. ఒక్కో పేరు తీసుకుని ఆ కమాండ్‌ను నడిపించడమే పైథాన్ పని. చాయ్ చల్లారకముందే "హో గయా మామూ" అన్నాడు. పేపర్లో పనిచేసేవాణ్ని, లెక్క చూసుకోవడం ఆదత్. కొత్త ఫోల్డర్‌లో 40 ఫోటోలే ఉన్నాయి.

పోయింది ఎవరిదా అని చూస్తే ఒక ఇంటర్ అమ్మాయిది. అసలు పేరు రాయను, సాదియా బేగం అనుకోండి. జుమా నమాజ్ తర్వాత ఫీజుల జాబితా ఖరారు కావాలి. ఫోల్డర్‌లో ఫోటో లేకపోతే జాబితాలో పేరు లేనట్టే.

ఎందుకు పోయింది? వాడు వాడింది ఓఎస్ డాట్ సిస్టమ్ అనే పద్ధతి. అందులో పైథాన్ మొత్తం కమాండ్‌ను ఒకే పొడుగు వాక్యంగా కట్టి షెల్ చేతికి ఇస్తుంది. షెల్ అంటే మనకూ కంప్యూటర్‌కూ మధ్య తర్జుమాన్. యూనిక్స్ కోసం 1971లో కెన్ థాంప్సన్ మొదటి షెల్ రాసిన నాటి నుంచీ దాని అసలు పని ఒక్కటే, మనిషి కీబోర్డు మీద కొట్టిన వాక్యాన్ని అర్థం చేసుకోవడం. అందుకే ఖాళీ జాగా వస్తే మాట అయిపోయిందనుకుంటుంది. సెమికోలన్ వస్తే ఒక హుకుం ముగిసి ఇంకోటి మొదలైందనుకుంటుంది.

మన పేర్లలో ఖాళీలు తప్పవని మా వాడికి తెలుసు. అందుకే ప్రతి పేరుకూ అటూ ఇటూ సింగిల్ కోట్‌లు పెట్టాడు. 40 మందికి అది సరిపోయింది. అయితే సింగిల్ కోట్, అపాస్ట్రఫీ కీబోర్డు మీద ఒకటే మీట. సాదియా పేరు సగంలో ఐన్ దగ్గరికి రాగానే షెల్ కోట్ ముగిసిందనుకుంది. ఆ గుర్తును తీసిపారేసి, బేగంను విడగొట్టి, ఐన్ లేని సాదియా అనే ఫైలు కోసం కన్వర్ట్‌ను పంపింది. అలాంటి ఫైలు లేదు. తెరమీద ఒక లైను ఎర్రర్ వచ్చి మిగతా లైన్లలో కలిసిపోయింది. ఓఎస్ డాట్ సిస్టమ్ కమాండ్ ఫెయిలైతే ఆగదు, ఒక అంకె తిరిగిస్తుంది, అంతే. సున్నా అయితే ఖైరియత్, కాకపోతే ఏదో గడ్‌బడ్. ప్రోగ్రామ్ ఆ అంకెను అడగలేదు, తర్వాతి పేరుకు వెళ్లిపోయింది.

కమిటీలో ఒక పెద్దాయన విని, "ఇంత పరేషాన్ ఎందుకు భాయ్, పేర్లోంచి ఆ గుర్తు తీసేయండి" అన్నారు. మా భాంజా కూడా సరేనన్నట్టు నా వైపు చూశాడు. నాకు మనసొప్పలేదు. ఒక కాగితంలో ఒక అక్షరం, ఇంకో కాగితంలో ఇంకో అక్షరం ఉన్నందుకు ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన బస్తీలో ఎన్ని లేవు! ప్రతిసారీ మార్చుకోవాల్సింది మన పేరేనా? "పేరు బాగానే ఉంది బేటా, నీ ప్రోగ్రామ్ మార్చు" అన్నాను.

మార్పు పెద్దదేం కాదు. పైథాన్‌లో 2004 నుంచి సబ్‌ప్రాసెస్ అనే మాడ్యూల్ ఉంది. దాని రన్‌కు పొడుగు వాక్యం కాకుండా ఒక జాబితా ఇవ్వొచ్చు. మొదట కమాండ్ పేరు, తర్వాత ఫైలు పేరు, తర్వాత మిగతావి, దేనికది విడిగా. అప్పుడు మధ్యలో షెల్ ఉండదు. సాదియా బేగం ఖాళీతో, ఐన్‌తో, ఒక్క ముక్కగా కన్వర్ట్ చేతికి చేరుతుంది. దానికి చెక్ ఈక్వల్స్ ట్రూ అని జోడిస్తే కమాండ్ ఫెయిలైన చోటే ప్రోగ్రామ్ ఆగి చెబుతుంది. షెల్ ఈక్వల్స్ ట్రూ అని రాస్తే మాత్రం మళ్లీ ఆ తర్జుమానే వచ్చి కూర్చుంటుంది. ఒక జాగ్రత్త ఇంకా ఉంది. ఫైలు పేరు హైఫన్‌తో మొదలైతే జాబితాలో ఇచ్చినా కమాండ్ దాన్ని ఆప్షన్ అనుకోవచ్చు. పేరు ముందు చుక్క, స్లాష్ పెడితే ఆ గొడవ తీరుతుంది.

ఇది పేరు మర్యాద సంగతి మాత్రమే కాదు. ఐన్ దగ్గర కోట్ తెగినట్టే, కావాలని అపాస్ట్రఫీ పెట్టి, సెమికోలన్ వేసి, ఫైళ్లు తుడిచేసే ఆర్ఎం కమాండ్‌ను ఎవడైనా ఫైలు పేరులో ఇరికించి పంపితే? పాత ప్రోగ్రామ్ దాన్ని నమ్మకంగా నడిపేది. ఆ ఫోల్డర్‌లో 41 మంది పిల్లల కాగితాలు అమానత్‌గా ఉన్నాయి. బయటివాళ్లు ఇచ్చిన మాటను హుకుంలో కలిపి షెల్‌కు ఇవ్వొద్దని చెప్పేది ఇందుకే.

ఈసారి 41 ఫోటోలు వచ్చాయి. జుమా తర్వాత జాబితా చదివారు, ఆ అమ్మాయి పేరు కూడా చదివారు. వెనక ఇంత కథ నడిచిందని ఆమెకు తెలియదు.

మీ ఇంట్లో ఇలాంటి చదువు చదివే పిల్లలుంటే ఒక పని చేయండి. ఖాలా పేరో, నానీ పేరో ఐన్‌తో సహా ఇంగ్లిష్‌లో రాసి, ఆ పేరుతో ఒక ఫైలు వాళ్లకివ్వండి. వాళ్ల ప్రోగ్రామ్ దాన్ని ఏం చేస్తుందో పక్కన కూర్చుని చూడండి.